ఒకే సంచిలోని రెండు మందులు

ఇల్లెందు నుండి కొత్తగూడెమునకు పోవు మార్గమున, పేరులోనే టేకుచెట్టును దాచుకొన్న టేకులపల్లి యొద్ద బస్సు దిగి, ఒకవంక కోయగూడెము బొగ్గుగని నుండి వచ్చు లారీలు లేపిన ధూళియు, వేరొకవంక కల్లములలో ఆరబోసిన మిరపపండ్ల ఘాటును ముక్కునకు సోకుచుండగా, మట్టిబాట వెంట ఒక లంబాడీ తండాలోనికి ఆశా కార్యకర్తతో కలిసి నడచిన యొక ఉదయము ఈ వ్యాసమునకు కారణమైనది. ఆమె భుజమున వ్రేలాడు సంచిలో జ్వరము చూచు థర్మామీటరు, ఓఆర్‌ఎస్ పొట్లములు, మలేరియా పరీక్షపట్టీలు, రక్తహీనతకు ఇచ్చు ఐరన్ గోళీలు, నిరోధ్ ప్యాకెట్లు, గర్భనిర్ధారణకు వాడు ‘నిశ్చయ్’ పట్టీలు ఉండెను. వాని నడుమ నా దృష్టిని ప్రత్యేకముగా ఆకర్షించినవి రెండు. ఒకటి, ఒకే యొక్క మాత్రను ఇముడ్చుకొన్న చిన్న అట్టపొట్లము. దానిపేరు ఈజీ పిల్; జనులు డెబ్బై రెండు గంటల గోళీ యని పిలుచు అత్యవసర గర్భనిరోధక మాత్ర యిదియే. రెండవది, ఆనాడు ఒక క్షయరోగి యింట అందింపవలసిన ఇటుకరంగు మాత్రల పట్టీ. ఈ రెండును ఒకదాని ప్రక్క నొకటి, ఒకే సంచిలో, ఒకదాని సంగతి మరియొకటి ఎరుగనట్లు పడియుండెను.

తండా మొదట నున్న చింతచెట్టు క్రిందికి ఇరువది యేండ్లు దాటి యుండునో లేదో యను నొక యువతి వచ్చి, నన్ను చూచి క్షణకాలము జంకి, ఆశా కార్యకర్త కనుసైగతో ధైర్యము తెచ్చుకొని, మెల్లగా అడిగినది.

“అక్కా, నిన్న డెబ్బై రెండు గంటల గోళీ ఏసుకున్న. పన్ను వాచిందని డాక్టరిచ్చిన గొట్టాలు గూడ ఏసుకుంటున్న. అవి ఏసుకుంటే ఇది పన్జెయ్యదంట గదా?”

“ఎవరు జెప్పిన్రు?”

“మందుల దుకాణమాయన. ఇంకోటి కొనుక్కపొమ్మన్నడు. పైసల్లేవని వచ్చిన.”

ఆమె చీరకొంగు ముడి విప్పి చూపిన పట్టీ అమాక్సిసిల్లిన్ గొట్టములది. ఆశా కార్యకర్త దానిని అటునిటు త్రిప్పి చూచి, “ఏం గాదు చెల్లె” అన్నదే గాని, ఆ మాట వెనుక పూర్తి నమ్మకము లేదని ఆమె కంఠమే చెప్పినది. నావంక తిరిగి, “గాదు గదా మేడమ్?” అని యడిగినది.

ఆ ప్రశ్నకు ఉత్తరము మొదటనే చెప్పివేయుట మేలు. కాదు. పంటివాపునకు వాడు అమాక్సిసిల్లిన్, దగ్గునకు వాడు అజిత్రోమైసిన్, మూత్రనాళపు మంటకు వాడు సిప్రోఫ్లాక్సాసిన్, నైట్రోఫ్యురాంటాయిన్, విరేచనములకు వాడు మెట్రోనిడజోల్, స్క్రబ్ టైఫస్ జ్వరమునకు వాడు డాక్సిసైక్లిన్, టైఫాయిడునకు వాడు సెఫిక్సిమ్, ఇవి యేవియు అత్యవసర గర్భనిరోధక మాత్ర పనిని చెరుపవు. ఆ యువతి రెండవ మాత్ర కొననవసరము లేదు; పంటిమందు ఆపనవసరమును లేదు. వైద్యుడు చెప్పినన్ని దినములు ఆ గొట్టములను పూర్తిగా వాడవలసినదే. గర్భము వచ్చునేమో యను భయముతో పంటిమందును సగములో మానినచో, గర్భవిషయమున ఆమెకు ఒరుగునది లేదు గాని, పన్ను మాత్రము మరల వాచును.

మరి ఈ భయము ఇంత దూరమున్న తండా వరకు ఎట్లు వచ్చినది? ఊరక పుట్టిన పుకారు కాదిది. దీనికొక చరిత్ర యున్నది. 1970 దశకపు తొలి సంవత్సరములలో జర్మనీ దేశమున క్షయకు రిఫాంపిసిన్ అను క్రొత్త మందు పుచ్చుకొనుచు, నిత్యము గర్భనిరోధక మాత్రలు కూడ వాడుచున్న స్త్రీలలో కొందరికి నెల నడుమ రక్తస్రావము కనబడుటయు, కొందరు గర్భవతులగుటయు వైద్యులు గమనించిరి. ఆ గమనిక సత్యమైనది. కాని, ఒక మందుపై నిలిచిన యనుమానము ఆ జాతిమందు లన్నింటిపైకి ప్రాకుటకు ఎంతో కాలము పట్టలేదు. తరువాతి సంవత్సరములలో ఆంపిసిల్లిన్ పుచ్చుకొన్న యొకామెకు గర్భము నిలిచినదనియు, టెట్రాసైక్లిన్ పుచ్చుకొన్న వేరొకామెకు నిలిచినదనియు విడివిడి వార్తలు వైద్యపత్రికలకు ఎక్కెను. నిత్యమాత్రలు వాడు స్త్రీలలో, మరపువలననో ఆలస్యము వలననో, నూటికి ఏడుగురికి ఒక యేటిలో గర్భము నిలుచుట మామూలుగా జరుగుచున్నదే యను సంగతిని అప్పుడెవరును తగినంతగా లెక్కకు తేలేదు. అట్టి యేడుగురిలో ఒకరు ఆ నెలలోనే గొంతునొప్పికి మందు పుచ్చుకొని యుండుట వింతకాదు గదా!

టెట్రాసైక్లిను పేరు వచ్చినది గావున ఒక తెలుగువాని స్మరింపక ముందుకు పోవుటకు నాకు మనసొప్పదు. ఆ కుటుంబమునకు పెద్దదియైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయము నుండి వెలువడినప్పుడు, మట్టినుండి దానిని వెలికిదీసినవాడు బెంజమిన్ డగ్గర్ కాగా, ఆ పరిశోధనలను నడిపించుచుండినవాడు 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు లోకమునకు అందిన యేడే ఆయన కన్నుమూసిరి. నేడు మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఇచ్చు డాక్సిసైక్లిన్ ఆ వంశమునకు చెందినదే. ఎందరి ప్రాణములనో నిలిపిన ఆ మందులపై, గర్భనిరోధమును చెరచునను నింద అకారణముగా నిలిచిపోయినది.

ఆ నిందకు ఆధారముగా నొక సిద్ధాంతమును కూడ చెప్పుచుండిరి. నిత్యమాత్రలో నున్న ఈస్ట్రోజెన్ కాలేయములో మార్పుచెంది, పిత్తరసముతో ప్రేగులోనికి జారినప్పుడు, అచటి సూక్ష్మజీవులు దానిని విడగొట్టి మరల రక్తములోనికి చేరనిచ్చుననియు, యాంటీబయాటిక్ ఆ సూక్ష్మజీవులను చంపుట వలన ఆ తిరుగుబాట తెగి మాత్ర బలము తగ్గుననియు ఆ వాదము. కాగితముపై ఇది చక్కగానే యున్నది. స్త్రీల రక్తమున హార్మోనును కొలిచి చూచినప్పుడు మాత్రము నిలువలేదు. మన దేశముననే, 1980లో బొంబాయి పరిశోధకులు నిత్యమాత్రలు వాడు స్త్రీలకు ఆంపిసిల్లిన్, మెట్రోనిడజోల్ ఇచ్చి పరిశీలించి, మాత్ర పనికి భంగము కనబడలేదని ప్రకటించిరి. బ్రిటన్‌లో ఈ విషయమున మార్గదర్శకులగు వైద్యసంఘమువారు, యాంటీబయాటిక్ వాడు దినములలో అదనపు జాగ్రత్త వలెనని తాము పూర్వము చెప్పుచుండిన మాటను 2011లో ఉపసంహరించుకొనిరి. ఇంతకును, అత్యవసర మాత్రలో ఈస్ట్రోజెన్ లేనేలేదు. అందున్నది 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ మాత్రమే. అది ప్రేగు దారిన తిరిగివచ్చి పనిచేయునది కాదు. కావున ఆ పాతవాదము ఈ మాత్రకు మొదటినుండియు వర్తింపదు.

ఇంకొక నిదర్శనము చెప్పెదను. ఇది పరిశోధనాలయముల లెక్కలకంటె నాకు బలమైనదిగా తోచినది. లైంగిక హింసకు గురియైన స్త్రీకి చేయవలసిన చికిత్సను గూర్చి కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014లో వెలువరించిన మార్గదర్శకములు, గర్భము రాకుండ అత్యవసర మాత్రను, సుఖవ్యాధులు సోకకుండ యాంటీబయాటిక్కులను ఆమెకు ఇవ్వవలెనని ఆదేశించుచున్నవి. అంతటి దారుణమునకు లోనైన స్త్రీకి, ఒకదానినొకటి చంపు రెండు మందులను ఏ వైద్యుడైన ఒకే చేతితో అందించునా?

ఈ మాత్ర ఏమి చేయునో తెలిసినచో సగము భయములు వానియంతట అవియే తొలగును. నెలలో ఒకమారు మెదడు క్రిందనున్న పీయూషగ్రంథి నుండి ఒక హార్మోను ఉప్పెనవలె లేచి, అండాశయమునుండి అండము విడుదల యగుటకు ఆజ్ఞ యిచ్చును. లెవోనార్జెస్ట్రెల్ ఆ ఉప్పెనను లేవకుండ అణచి, అండము విడుదలను కొన్ని దినములు వెనుకకు నెట్టును. ఐదు దినములకు మించి సాధారణముగా బ్రతుకని పురుషబీజము, రావలసిన అండము రాక నిరీక్షించి నశించును. ఉప్పెన లేచిన పిమ్మట పుచ్చుకొన్న మాత్ర చేయగలిగినది స్వల్పము. నిలిచిన గర్భమును అది తీయదు, చెరుపదు. ఇది గర్భస్రావపు మందు కాదని నేను తండాలోను, పట్టణములోను, చదువుకొన్న స్నేహితురాండ్రతోను ఎన్నిమారులు చెప్పితినో లెక్కలేదు. ఇట్టి మందునకు కాలమే ప్రాణము. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన పరిశీలనలో, ఇరువదినాలుగు గంటలలోపు పుచ్చుకొన్నవారిలో రాగల గర్భములలో నూటికి 95 ఆగగా, రెండవనాడు పుచ్చుకొన్నచో 85, మూడవనాడైనచో 58 మాత్రమే ఆగెను. మన దేశములో 2005 నుండి వైద్యుని చీటీ లేకయే ఈ మాత్రను అమ్మనిచ్చుటకును, 2011 నుండి ఆశా కార్యకర్తల ద్వారా రెండు రూపాయలకు ఇంటివద్దకే చేర్చుటకును కారణమిదియే. పన్ను మందు అడ్డమేమో యని రెండు దినములు తర్కించుచు కూర్చుండుట, ఆ పన్ను మందు చేయలేని చెరుపును తామే చేసికొనుట యగును.

యాంటీబయాటిక్ పరోక్షముగా అడ్డుతగులు త్రోవ యొకటి మాత్రమున్నది. ఎరిత్రోమైసిన్, డాక్సిసైక్లిన్ వంటివి కొందరికి కడుపులో త్రిప్పి వాంతి తెప్పించును. మాత్ర మ్రింగిన రెండు మూడు గంటలలోపు వాంతియైనచో, అది రక్తములో చేరకముందే బయటపడి యుండవచ్చును గావున మరియొకటి వేసికొనవలెను. ఆ గడువు దాటిన పిమ్మట వచ్చిన వాంతికి భయపడ బనిలేదు.

ఇక నా మనసును కలచు సంగతికి వచ్చుచున్నాను. అందరును భయపడు మందులు నిరపరాధులు కాగా, నిజముగా భయపడవలసిన మందు ఒకటి యున్నది. దానిని గూర్చి ఎవరును అడుగుటలేదు. అది ఆ సంచిలోని ఇటుకరంగు మాత్ర. ఫ్రాన్సుదేశపు దక్షిణతీరమున సెయింట్ రఫాయెల్ అను చోట పైన్ వనములోని మట్టిని 1957లో మిలాన్ నగరపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, అందొక సూక్ష్మజీవినుండి రాబట్టిన పదార్థమునకు వారసురాలు రిఫాంపిసిన్. క్షయచికిత్సకు అది వెన్నెముక. ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ తోడుగా రెండు నెలలు, పిమ్మట నాలుగు నెలలు, దినదినము ఆ మాత్రలు మ్రింగిన రోగి బ్రతికి బట్టకట్టును. క్షయక్రిములను చంపు ఆ మందే, కాలేయములోనికి పోయి, ఇతర మందులను విరిచి బయటికి పంపు ఎంజైములను అనేక రెట్లు పెంచును.

మిరప కోతల కాలమున టేకులపల్లి చేలను చూచినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. ఊరి కూలీలు మాత్రమే దిగిన చేను పదిదినములు కోతలో నుండును. ఛత్తీస్‌గఢ్ నుండి కూలీల గుంపు వచ్చి దిగినదా, నాల్గవనాటికి చెట్టున ఒక్క పండు మిగులదు. రిఫాంపిసిన్ కాలేయమను చేనిలోనికి కూలీలను పిలుచుకొని వచ్చును. అండమును కొన్ని దినములు ఆపుటకై రక్తములో నిలువవలసిన లెవోనార్జెస్ట్రెల్, తన పని తీరకముందే కోసివేయబడి బయటికి పోవును. మందు మానిన మరునాడే ఆ కూలీలు తిరిగిపోరు. నాలుగు వారములవరకు చేనిలోనే యుందురు. అనగా ఆరునెలల చికిత్సయు, దానిపై మరియొక నెలయు, అత్యవసర మాత్ర నమ్మదగినది కాదు. క్షయరోగి యింటనున్నవారికి వ్యాధి రాకుండ వారమున కొకమారు ఇచ్చు రిఫాపెంటిన్, రిఫాంపిసినునకు తోబుట్టువు. దానికిని ఈ గుణమే కలదు. మూర్ఛకు వాడు ఫినిటాయిన్, కార్బమజిపిన్, ఫినోబార్బిటాన్, తామరకు వాడు గ్రిసియోఫల్విన్ కూడ ఈ కోవలోనివని వైద్యులు హెచ్చరింతురు. కుష్ఠునకు నెలకొకమారు ఇచ్చు మందులలోను రిఫాంపిసిన్ ఉన్నది గావున, దానిని వాడువారును వైద్యునకు ఆ మాట చెప్పుట మంచిది.

ఈ రెండు మందులు ఒకే సంచిలోనికి చేరుట వెనుక మన దక్షిణదేశపు గొప్పతనమొకటి యున్నది. ఒకప్పుడు క్షయ సోకినవారికి ఇల్లు విడిచి పోవుటయే చికిత్స. మదనపల్లె యొద్ద ఆరోగ్యవరమను క్షయ శానిటోరియము అట్లు వెలసినదే. 1956లో మద్రాసున నెలకొల్పిన క్షయచికిత్సా పరిశోధనాకేంద్రము, మందులు సరిగా మ్రింగినచో రోగి గుడిసెలో నున్నను శానిటోరియములో నున్నవారితో సమానముగా స్వస్థుడగునని 1959లో నిరూపించి, లోకమంతటి చికిత్సను మార్చివేసెను. ఆ మార్పు వలననే మందు ఇంటికి వచ్చినది. గర్భనిరోధపు మాత్రయు ఇంటికే వచ్చినది. తెచ్చు మనిషి ఒకతెయే. అయినను క్షయకు ఒక రిజిస్టరు, కుటుంబనియంత్రణకు వేరొక రిజిస్టరు. ఈ పుస్తకములోని పేరు ఆ పుస్తకములో నున్నదేమో చూడుమని ఆమెకు చెప్పినవారు లేరు. ఇది ఆమె తప్పు కాదని నేను నొక్కి చెప్పుచున్నాను.

ఆ యువతిని పంపివైచి, మేము క్షయరోగి యింటికి పోతిమి. ముప్పది యేండ్లలోపు ఇల్లాలు, ఇద్దరు బిడ్డలు. చికిత్స మూడవ నెలలో నున్నది. ఆమె చెంబు నీళ్లతో మాత్రలు మ్రింగువరకు నిలిచి చూచి, బయటికి వచ్చిన పిమ్మట, ఆమె యెప్పుడైన ఆ రెండు రూపాయల మాత్ర తీసికొన్నదా యని నేనడిగితిని. ఆశా కార్యకర్త నడక ఆపినది.

“పోయిన్నెల ఇచ్చిన మేడమ్. నా చేత్తోనే ఇచ్చిన.” కొంతసేపు మాటలేదు. “నెల వచ్చిందిలే. గని, నాకు తెల్వదు గదా.”

ఆమెకు తెలియవలసినది కొండంత లేదు. అట్టి స్త్రీకి అన్నిటికంటె నమ్మదగిన ఉపాయము కాపర్-టి. కలిసిన ఐదుదినములలోపు దానిని వేయించుకొన్నచో వేయిమందిలో సుమారు ఒకరికి మాత్రమే గర్భము నిలుచును. అది గర్భాశయములో నుండి తన పని తాను చేయును గాని, రక్తముతోను కాలేయముతోను దానికి పనిలేదు. అటుపై సంవత్సరముల తరబడి కాపాడును. ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. అది కుదరనిచో, లెవోనార్జెస్ట్రెల్ రెండింతలు, అనగా 3 మిల్లీగ్రాములు, ఒకేమారు పుచ్చుకొనుమని బ్రిటన్ ప్రభుత్వ ఔషధసంస్థ 2016 నుండి చెప్పుచున్నది. ఇది కాపర్-టితో సమానమని రుజువైనది కాదు, ఏమియు లేకుండుటకంటె మేలని చెప్పినది మాత్రమే. కావున వైద్యుని అడిగి చేయవలసిన పని. క్షయమాత్రలను మాత్రము ఒక్కపూటయైన ఆపరాదు. ముట్టు వారమునకు మించి ఆలస్యమైనచో నిశ్చయ్ పట్టీతో చూచుకొనవలెను. చికిత్స సాగు ఆరునెలలును గర్భము రాకుండుటకు, మూడునెలల కొకమారు వేయు ‘అంతర’ సూది రిఫాంపిసిన్ వలన చెడదు, నిరోధ్ సరేసరి.

ఇంత చెప్పిన పిమ్మట, రిఫాంపిసిన్ అను పేరును ఆమెచేత రెండుమారులు పలికించితిని. మూడవమారు ఆమెయే చేయి అడ్డుపెట్టినది. “ఆ పేరు నాకే నోరు తిరగట్లే, తండాల వాళ్లకేం తెలుస్తది? టీబీ ఉన్నదని అడిగితే చానామంది చెప్పరు గూడ. ఆ గోళీలు ఏసుకుంటే ఒంటేలు ఎర్రగ వస్తది గదా మేడమ్? అదడిగితె చెప్తరు.”

నేను వైద్యగ్రంథములలో చదివిన సంగతియే అది. రిఫాంపిసిన్ మూత్రమును నారింజ యెరుపుగా మార్చును. రోగి భయపడకుండ ముందే చెప్పవలెనని అందు వ్రాసియుండును. దానిని ప్రశ్నగా మార్చవచ్చునని మాత్రము నాకు తోచలేదు. వ్యాధి పేరెత్తకయే, మందు పేరెత్తకయే, సిగ్గుపెట్టకయే తెలిసికొనదగిన మార్గమిది. ఆమె సంచిలోనుండి కుటుంబనియంత్రణ రిజిస్టరు తీసి, అట్ట లోపలివైపున బాల్‌పెన్నుతో రెండు పంక్తులు వ్రాసికొన్నది: ఒంటేలు ఎర్రగ వస్తుందా. ఫిట్స్ గోళీలు ఏసుకుంటున్నవా.

తిరుగుదారిలో చింతచెట్టు యొద్ద ఆ యువతి బిందె నెత్తిన బెట్టుకొని ఎదురైనది. ఆశా కార్యకర్త దగ్గరకు పోయి, చెవిలో ఏదో యడిగినది. ఆమె బిందె ఒకచేత పట్టుకొని పకపక నవ్వి, “ఛీ, లేదక్కా, నీళ్లలెక్కనే వస్తది” అన్నది. “అట్లయితె నీ గొట్టాలు అన్నీ ఏసుకో. ఇంకో గోళీ వద్దు” అని, ఈ మారు నావంక తిరిగి చూడకయే, ఆశా కార్యకర్త తరువాతి యింటివైపు నడిచినది.